జమ్మలమడుగు డాక్టరుగారు

జమ్మలమడుగులో బస్సు దిగి క్యాంబెల్ ఆస్పత్రి ఎక్కడంటే ఎవరైనా దారి చూపిస్తారు. ఆ క్యాంబెల్ ఎవరని అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు.

పూర్తి పేరు థామస్ విన్సెంట్ క్యాంబెల్. లండన్ మిషనరీ సొసైటీ పంపిన వైద్యుడు. ఆ సొసైటీ 1822లోనే కడపకు వచ్చింది. 1850ల నుంచి ఊరవతలి మాలపల్లెల్లో దాని మాట వినేవాళ్లు పెరిగారు. గుడి గడప తొక్కనివ్వని ఊళ్లో, పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం నేర్పేవాడొకడు వస్తే వినరా మరి!

తర్వాత 1876-78 నాటి ధాత కరువు సీమ నడుం విరగ్గొట్టింది. పక్కనున్న కర్నూలు జిల్లా లెక్కే చూడండి. 1871లో 9,14,432 మంది జనం. 1881కి 6,78,551. పోయినవాళ్లు పోగా, వలసెళ్లినవాళ్లు వెళ్లగా మిగిలింది అంతే.

ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకుంటున్న రోజుల్లో, 1890ల్లో, క్యాంబెల్ జమ్మలమడుగులో వైద్యం మొదలుపెట్టారు. ఊరికి రైలు లేదు. ఎర్రగుంట్లలోనో ముద్దనూరులోనో దిగి రావాల్సిందే. (ఆ ఊరు రైలు చూసింది 2016లో, నంద్యాల లైను పడ్డాకే.) ఆయన్ను పంపినవాళ్లకు కావలసింది మతం. గడప ముందు నిలబడ్డ రోగికి కావలసింది మందు. మందు పుచ్చుకుని బోధ వదిలేసి వెళ్లినవాళ్లే ఎక్కువై ఉంటారు. అయినా ఆస్పత్రి నిలబడింది.

ఈ డాక్టరుగారికి ఇంకో పిచ్చి ఉంది. పురుగులు! అందులోనూ నల్లి, పచ్చదోమ వంటి రసం పీల్చే జాతులు. పత్తి రైతు చూస్తేనే తిట్టుకునే వాటిని ఆయన అపురూపంగా పోగుచేశారు. వాటిని పరిశీలించిన పండితుల్లో విలియం లూకస్ డిస్టంట్ ఒకరు. బ్రిటిష్ ఇండియా పురుగులపై పెద్ద సంపుటాలు రాసింది ఆయనే.

తర్వాత క్యాంబెల్ మైసూరు సంస్థానంలోని చిక్కబళ్లాపురం వెళ్లారు. అక్కడా ఓ ఆస్పత్రి కట్టించారు. దానికి మాత్రం సొసైటీ కార్యదర్శి వార్డ్‌లా థామ్సన్ పేరు పెట్టారు. 1947లో సొసైటీ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. జమ్మలమడుగు ఆస్పత్రి పేరు మారలేదు. అటు శాస్త్రగ్రంథాల్లోనూ కొన్ని పురుగుల పేర్ల చివర ఆయనే ఉన్నారు, ‘క్యాంబెల్లి’ అని.