కుటుంబ వేదిక: తిరుగు ప్రయాణానికి మిగిల్చామా?



బిడ్డలు అమెరికాలో ఉన్న కుటుంబాలు ఇప్పుడు మన సంఘాలలో చాలా ఉన్నాయి. తల్లిదండ్రులు చూడడానికి వెళ్లినప్పుడు కొందరు పిల్లలు వారిని ట్రైలరు యాత్రకు తీసుకువెళతారు. బండి వెనుక చక్రాల మీద ఒక చిన్న ఇల్లు తగిలించుకొని, అడవి అంచునో ఎడారి మైదానంలోనో రెండు మూడు రాత్రులు ఉండి వస్తారు. ఆ ఇంటిలో పడకలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది ఉంటాయి. ఈ మధ్య కొందరు ఆ ఇంటిని కరెంటు బండితో లాగుతున్నారు. కరెంటు స్తంభమే లేని చోటికి కరెంటు బండితో వెళ్లి, క్షేమంగా తిరిగి రావడం ఎలా? ఆ లెక్కలో మన ఇళ్లకు కూడా పాఠం ఉంది. అందుకే ఈ నెల దానిని గురించి వ్రాస్తున్నాను.

అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో ప్రభుత్వ భూములు విస్తారంగా ఉన్నాయి. వాటిని చూసే శాఖ పేరు బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్. ఆ భూములలో చాలాచోట్ల అద్దె లేకుండా బస చేయవచ్చు. సాధారణంగా 28 రోజులలో 14 రోజులకు మించి ఒకచోట ఉండనివ్వరు. అక్కడ కుళాయి ఉండదు, దీపం ఉండదు, చెత్తకుండీ ఉండదు. తీసుకువెళ్లిందే వాడుకోవాలి. చెత్తను, మురుగునీటిని కూడా వెంట తెచ్చుకొని, వాటికి ఏర్పాటు చేసిన చోటనే పారబోయాలి.

ఇక బండి సంగతి. ఫోర్డ్ సంస్థ 2022లో అమ్మకానికి తెచ్చిన ఎఫ్-150 లైట్నింగ్ అనే బండిని తీసుకుందాం. దాని పెద్ద బ్యాటరీలో వాడుకోవడానికి 131 యూనిట్ల కరెంటు ఉంటుంది. మన ఇంటి మీటరులో తిరిగే యూనిట్లే అవి. అంత పెద్ద బ్యాటరీలో ఉన్న శక్తి సుమారు 15 లీటర్ల పెట్రోలులో ఉన్న శక్తికి సమానం. కరెంటు మోటారు ఆ శక్తిని వృథా చేయదు గనుక, వెనుక ఏమీ తగిలించకపోతే ఆ బండి ప్రభుత్వ పరీక్షల లెక్కన 515 కిలోమీటర్ల వరకు పోగలదు. ట్రైలరు తగిలించగానే ఆ దూరం సగానికో, అంతకంటె తక్కువకో పడిపోతుంది.

బరువు ఒక్కటే దీనికి కారణం కాదు. మోటారు సైకిలు వెనుక పచ్చగడ్డి మోపు ఎత్తుగా కట్టుకొని ఎదురుగాలికి వచ్చినవారికి అసలు కారణం చెప్పనక్కరలేదు. ట్రైలరు ముందు భాగం గోడలాగా గాలికి అడ్డు నిలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగాన్ని 110 చేస్తే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు అవుతుంది. నెమ్మదిగా నడిపేవాడే దూరం పోగలడు.

ఇప్పుడు ఒక కుటుంబం లెక్క వేద్దాం. చివరి చార్జింగు స్టేషను నుండి బస చేసే చోటు 90 కిలోమీటర్లు అనుకోండి. ట్రైలరుతో కిలోమీటరుకు అర యూనిటు కంటె కాస్త ఎక్కువే పడుతుంది. వెళ్లడానికి 50 యూనిట్లు, తిరిగి రావడానికి మరో 50. ఎదురుగాలి, చలి, ఎత్తుదారి వంటి వాటికోసం 15 యూనిట్లు ముట్టకుండా ఉంచాలి. మిగిలింది 16. మూడు రోజులు ఉంటే రోజుకు 5 యూనిట్లు.

ఆ బండిలోని కరెంటును తీసి ట్రైలరులో వాడుకునే వీలుంది. అసలు శోధన అక్కడే ఉంది. చేరేసరికి మీటరులో ఇంకా 80 యూనిట్లు కనిపిస్తాయి. బయట ఎండ, లోపల ఏసీ. గంటకు యూనిటుకు పైగా లాగే ఏసీని రాత్రింబగళ్లు వేస్తే ఒక్క రోజులోనే తిరుగు దారికి దాచిన దానిలో చెయ్యి పెట్టవలసి వస్తుంది. ట్రైలరు పైకప్పు మీద సోలారు పలకలు ఉన్నాయి కదా అంటారు. 400 వాట్ల పలకలు మంచి ఎండలో రోజుకు రెండు యూనిట్ల వరకు ఇస్తాయి. దీపాలకు, నీటి మోటారుకు, ఫోనులకు అది చాలు. కాని ట్రైలరును లాగడానికి ఆ రెండు యూనిట్లు నాలుగు కిలోమీటర్లకైనా రావు. దారిలో పెట్రోలు అయిపోతే ఎవరైనా డబ్బాతో తెచ్చి పోస్తారు. కరెంటు బండి ఆగితే దానిని లారీ మీద ఎక్కించుకొని పోవాలి. ఫోను సిగ్నలు అందని చోట, చంటిబిడ్డలతో, ముసలివారితో ఆగిపోవడం ఆటకాదు.

నీటి లెక్క కూడా ఇంతే. ట్రైలరు తొట్టిలో 150 లీటర్లు ఉన్నాయనుకుంటే, అవి మన లెక్కలో పది బిందెలు. నలుగురికి మూడు రోజులంటే మనిషికి రోజుకు పన్నెండు లీటర్లు. వంట, స్నానం, అంట్లు అన్నీ అందులోనే. చెరువు నుండి బిందె మోసిన అమ్మమ్మలకు ఈ పొదుపు కొత్త కాదు. మనుమలే వారి దగ్గర నేర్చుకోవాలి.

వెళ్లే ఆలోచన ఉన్న బిడ్డలకు నాలుగు మాటలు. ట్రైలరును మొదట అద్దెకు తీసుకొని చూడండి. అప్పు మీద బండి, మరో అప్పు మీద ట్రైలరు కొని, ఏడాదికి రెండుసార్లు వాడితే అది విశ్రాంతి కాదు, భారము. మొదటిసారి 50 ఆంపియర్ల ప్లగ్గు ఉన్న బస స్థలానికి వెళ్లండి. అక్కడ రాత్రి పది గంటలలో 90 యూనిట్ల వరకు బండికి ఎక్కించుకోవచ్చు. చాలా చార్జింగు స్టేషనులలో ట్రైలరుతో నిలబడే చోటు ఉండదు. దానిని విప్పి, పక్కన నిలిపి, మళ్లీ తగిలించుకోవాలి గనుక ప్రయాణానికి ఆ సమయం కలుపుకోండి. తల్లిదండ్రులను తీసుకువెళితే వారి మందులు, ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్ సంగతి ముందు చూడండి. ఎడారిలో రాత్రులు బాగా చలిగా ఉంటాయి.

ప్రియులారా, గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకొంటాడని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో సెలవిచ్చాడు. పునాది వేయడానికి డబ్బు ఉన్నదా అని మాత్రమే ఆయన అడగలేదు. ముగించడానికి ఉన్నదా అని అడిగాడు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకలకూ దివిటీలు ఉన్నాయి. ఆలస్యమైనప్పుడు సరిపోయే నూనె అయిదుగురి దగ్గరే ఉంది.

మన ఇళ్లలో జరిగేది ఏమిటి? విత్తనాలకు, ఎరువులకు తెచ్చిన డబ్బు జూన్ నెలలో బీరువాలో కనిపిస్తుంది. అది చూసి పిల్ల ఓణీల ఫంక్షను ఘనంగా చేస్తాము. ఊరంతా భోంచేసి మెచ్చుకొంటారు. ఆగస్టులో ఎరువు వేయవలసిన రోజున షావుకారు గుమ్మం ఎక్కుతాము. మీటరులో 80 యూనిట్లు కనిపించాయని ఏసీ వేసుకున్నవానికీ మనకూ తేడా ఏమున్నది? చేతిలో కనిపించేదంతా ఖర్చుకు కాదు. అందులో తిరుగు ప్రయాణానిది కొంత ఉన్నది.

లెక్క చూసుకోవడం అవిశ్వాసము కాదు. నిర్గమకాండము 16వ అధ్యాయంలో అరణ్యంలో మన్నా కురిపించిన దేవుడే తలకు ఇంత అని కొలత పెట్టాడు. విశ్రాంతి దినం కోసం ఆరవ దినమున రెండింతలు కూర్చుకొమ్మన్నాడు. ఆయన పోషణలోనే కొలత ఉన్నది.

ఈ నెల ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన తరువాత భార్యాభర్తలిద్దరూ ఒక నోటు పుస్తకం తీసుకొని కూర్చోండి. ఎదిగిన పిల్లలను కూడా కూర్చోబెట్టుకోండి. ఇప్పుడు చేతిలో ఉన్నది ఎంత, అందులో పంట ఇంటికి చేరేవరకు ముట్టకూడనిది ఎంత అని రెండు వరుసలుగా వ్రాయండి. రెండవ వరుసను ముందు వ్రాయండి. మిగిలినది కొంచెమే కావచ్చు. ఆ కొంచెంతో సంతోషంగా గడిపి, ఎవరి గుమ్మం ఎక్కకుండా ఇల్లు చేరే కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.