కడలి దాచిన జవాబులు

కోల్‌కతా శివార్లలోని న్యూ టౌన్‌లో 2022 నుంచి ఒక నౌకాదళ విమానం ప్రదర్శనశాలగా మారి సందర్శకులను ఆకర్షిస్తున్నది. అది రష్యాలో తయారైన టుపొలెవ్-142 గస్తీ విమానం. అదే కోవకు చెందిన మరో విమానాన్ని 2017 డిసెంబరు నుంచి విశాఖ సాగరతీరంలో ప్రజలు తిలకిస్తున్నారు. 1988లో నౌకాదళంలో చేరి 2017లో విశ్రమించిన ఈ విమానాలు 29 సంవత్సరాల సేవలో సుమారు 30 వేల గంటలు ప్రమాదమన్నది లేకుండా ఎగిరాయని నౌకాదళం సగర్వంగా ప్రకటించింది. ఆ గర్వం న్యాయమైనదే. కాని సముద్రంపై ఎగిరే మన సైనిక విమానాలన్నింటి చరిత్ర ఇంత నిష్కళంకంగా లేదు.

విమానవాహక నౌకల కోసం రష్యా నుంచి కొనుగోలు చేసిన మిగ్-29కె తరగతి యుద్ధవిమానాలే ఇందుకు నిదర్శనం. గోవా తీరానికి ఆవల 2020 ఫిబ్రవరి 23న ఒకటి, నవంబరు 26న మరొకటి, 2022 అక్టోబరు 12న ఇంకొకటి సముద్రంలో కూలిపోయాయి. మొదటి, చివరి ప్రమాదాలలో పైలట్లు ప్రాణాలతో బయటపడ్డారు. నవంబరు ప్రమాదంలో మాత్రం ఇద్దరిలో ఒకరినే రక్షించగలిగారు. కమాండర్ నిశాంత్ సింగ్ భౌతికకాయం పదకొండు రోజుల గాలింపు తరువాత తీరానికి 30 మైళ్ల దూరంలో, 70 మీటర్ల లోతున లభించింది.

ఈ విమానాల లోపాలు ప్రభుత్వానికి తెలియనివి కావు. 2016లో పార్లమెంటుకు సమర్పించిన నివేదికలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వీటిని తీవ్రంగా ఆక్షేపించారు. 2010లో సేవలో చేరినది మొదలు 40 ఇంజన్లను, అంటే 62 శాతాన్ని, రూపకల్పన లోపాల కారణంగానే పక్కన పెట్టవలసి వచ్చిందని వెల్లడించారు. ఒంటి సీటు విమానాలలో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 16 నుంచి 38 శాతం మధ్యనే ఉంటున్నాయని లెక్క తేల్చారు. నౌక డెక్‌పై దిగడం కోసమే తయారైన విమానం ఆ తాకిడికే చెడిపోతుంటే, దాన్ని అంగీకరించి తీసుకున్న వారు సంజాయిషీ చెప్పవలసి ఉంటుంది.

తెలుగువారిని ఎక్కువగా కలచివేసిన దుర్ఘటన మరొకటి ఉంది. అది యుద్ధవిమానం కాదు, వైమానిక దళానికి చెందిన ఏఎన్-32 రవాణా విమానం. చెన్నై సమీపంలోని తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు 2016 జూలై 22న బయలుదేరి బంగాళాఖాతంపై అదృశ్యమైంది. అందులోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఎంత గాలించినా ఆచూకీ దొరకలేదు. ఆ సెప్టెంబరులో అందరూ మరణించినట్లుగానే భావించవలసి ఉంటుందని కుటుంబాలకు తెలియజేశారు. శకలాలు సముద్రగర్భంలో కనిపించినట్లు రక్షణ శాఖ ప్రకటించింది 2024 జనవరిలో! జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు చెందిన మానవరహిత జలాంతర్గత వాహనం చెన్నై తీరానికి 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున వాటిని ఛాయాచిత్రాలు తీసింది. ఏడున్నర సంవత్సరాలు విశాఖలోని ఆ ఇళ్లలో ఆశకూ, అంత్యక్రియలకూ నడుమ బతుకులు వేలాడాయి.

లోతు ఒక్కటే ఇందుకు కారణమనడం సరికాదు. అమెరికా నౌకాదళపు ఎఫ్-35సి యుద్ధవిమానం 2022 జనవరి 24న దక్షిణ చైనా సముద్రంలో పడిపోగా, 12,400 అడుగుల అడుగు నుంచి మార్చి 2న, అంటే ఆరు వారాలు తిరగకుండానే, వెలికి తీశారు. నౌక మీది నుంచి జారిన విమానం కనుక పడిన చోటు తెలుసు. ఏఎన్-32 పడిన చోటు తెలియదు. తేడా అంతా అక్కడే ఉంది. ఉప్పునీటిలో రేడియో తరంగాలు ఎంతో దూరం సాగవు, ధ్వని సాగుతుంది. అందుకే ప్రయాణికుల విమానాలలో ధ్వని సంకేతాలు పంపే బీకన్లు అమరుస్తారు. 2009లో ఎయిర్ ఫ్రాన్స్ విమానం అట్లాంటిక్‌లో కూలిన అనుభవంతో వాటి ఆయుష్షును 30 రోజుల నుంచి 90 రోజులకు పెంచారు. సైనిక విమానాలకు ఆ అంతర్జాతీయ నిబంధనలు వర్తించవు. వర్తించనంత మాత్రాన అవసరం లేదని కాదు.

గోప్యత పేరిట ప్రమాదాలను కప్పిపుచ్చే ధోరణి మన దేశానికే పరిమితం కాదు. 1965 డిసెంబరు 5న టికాండరోగా నౌక నుంచి అణుబాంబుతో సహా సముద్రంలో జారిపోయిన స్కైహాక్ విమానం జపాన్ దీవులకు ఎంత చేరువలో మునిగిందో లోకానికి తెలిసింది 1989లోనే. విమానం, పైలట్, బాంబు ఏవీ దొరకలేదు. పాతికేళ్ల మౌనం ఏ భద్రతనూ పెంచకపోగా అనుమానాలనే పెంచింది.

ఫ్రాన్స్ నుంచి 26 రాఫెల్ మెరైన్ విమానాల కొనుగోలుకు 2025 ఏప్రిల్ 28న ఒప్పందం కుదిరింది. ఆయుధాలు, శిక్షణ, నిర్వహణ కలుపుకొని వ్యయం సుమారు 63 వేల కోట్ల రూపాయలు. సరిగ్గా ఆ రోజునే ఎర్రసముద్రంలో అమెరికా నౌక ట్రూమన్ నుంచి ఒక ఎఫ్-18 జారి నీట మునగడం గమనార్హం. ఎంత సంపన్న దేశానికైనా, ఎంత ఆధునిక విమానానికైనా సముద్రం మినహాయింపు ఇవ్వదు.

కనుక ఈ భారీ వ్యయంలో భద్రతకు స్పష్టమైన వాటా ఉండాలి. సముద్రంపై ఎగిరే ప్రతి సైనిక విమానానికీ, రవాణా విమానాలతో సహా, నీటి అడుగు నుంచి పలికే బీకన్ తప్పనిసరి చేయాలి. లోతు సముద్రాన్ని శోధించే వాహనాలను ప్రమాదం జరిగిన వెంటనే రంగంలోకి దించే ఏర్పాటు ఉండాలి. యుద్ధ రహస్యాలను మినహాయించి విచారణ నివేదికల సారాంశాన్ని పార్లమెంటు ముందుంచాలి. సిబ్బంది కుటుంబాలకు అంతకన్నా ముందే తెలియజేయాలి. సేవ ముగించిన విమానాలను నగరాలలో నిలబెట్టి గౌరవించడం మంచిదే. సేవలో ఉండగానే కూలినవాటి కథను కూడా దాచకుండా చెప్పినప్పుడే ఆ గౌరవానికి అర్థం ఉంటుంది.