కథ పంపకుండా బొమ్మ అడగకండి

"పల్లెటూరు. తల్లీ కొడుకూ. ఎమోషనల్‌గా ఉండాలి. రేపు సాయంత్రానికి కావాలి."

తెలుగులో పుస్తకం వేసేవాళ్లలో చాలామంది చిత్రకారుడికి ఇచ్చే బ్రీఫ్ ఇంతే. వాట్సాప్‌లో ఒకటిన్నర లైను. కథ పంపమంటే "ఇంకా ప్రూఫుల్లో ఉందండీ" అంటారు. ప్రూఫులు దిద్దేవాడికి అందిన కథ బొమ్మ వేసేవాడికి ఎందుకు అందదు? వీళ్ల లెక్కలో బొమ్మంటే పేజీలో మిగిలిన జాగా నింపే సరుకు, అందుకు!

ఆ తల్లి నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే మనిషి అనుకోండి. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. కొడుకు మీద కోపం వచ్చినా, ఏడుపు వచ్చినా ఆమె వేళ్లు ఆగవు. కథంతా ఆ వేళ్లలోనే ఉండొచ్చు. ఒకటిన్నర లైను మాత్రమే చదివినవాడు ఏం వేస్తాడు? గుడిసె, కొబ్బరిచెట్టు, కట్టెల పొయ్యి, కొంగుతో కళ్లొత్తుకునే అమ్మ. తీరా రంగులు కూడా వేశాక రచయిత గారు కథలోంచి ఒక పేరా కోసి పంపుతారు: "ఇక్కడ చాట ఉందండీ, చూసుకోలేదా?" చూపిస్తే కదా చూసుకునేది! వెనకాలే ఇంకో మెసేజ్: "అమ్మను కాస్త తెల్లగా చేయండి." ఎందుకు చేయాలి? ఆమె నల్లని మనిషని ఆ పేరాలో మీరే రాశారు కదా!

బొమ్మ పని చదవడంతో మొదలవుతుంది. ఏ క్షణాన్ని పట్టుకోవాలి, కొసమెరుపు బయటపడకుండా దేన్ని దాచాలి అన్నది పెన్సిల్ ముట్టకముందే తేలాలి. చందమామలో శంకర్ వేసిన విక్రమార్కుణ్ణి తలుచుకోండి. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. బేతాళుడు ఏం అడుగుతాడో ఆ బొమ్మ చెప్పదు, కానీ పేజీ తిప్పకుండా ఉండనివ్వదు. కథ తెలిసిన చేయి అది. "బాపు గారిలా వేయండి" అని హుకుం జారీ చేసేవాళ్లకు బాపు గీత కావాలి. ఆ గీతకు కావలసిన కథను, వ్యవధిని మాత్రం ఇవ్వరు.

ఇక రఫ్. "రఫ్‌కి డబ్బులేమిటండీ, పెన్సిల్ గీతలేగా" అని నలుగురి దగ్గర నాలుగు రఫ్‌లు ఊరికే గీయించుకునే మహానుభావులున్నారు. అయ్యా, ఆలోచనంతా అందులోనే ఉంది. తర్వాత మిగిలేది ఇంకు, రంగు. మార్పులు చెప్పాల్సిందీ రఫ్ మీదే. అప్పుడు "సూపర్" అని బొటనవేలు చూపించి, రంగులయ్యాక నోరు తెరవడం దౌర్జన్యం.

కవరు సంగతి మరీ ఘోరం. పేజీలెన్నో తేలదు, ఏ కాగితమో తేలదు, అంటే వెన్ను మందం ఎంతో ఎవరికీ తెలియదు. కవరు మాత్రం ఇవాళే ఫేస్‌బుక్‌లో పెట్టేయాలి. ఒక్కోసారి పుస్తకం పేరు కూడా ఖాయం కాదు. మన అక్షరాలకు పైన గుడులూ ఏత్వాలూ, కింద వత్తులూ ఉంటాయి. పేరు తెలియకుండా చోటెంత వదలాలి? చివరికి పేరు పట్టలేదని డీటీపీలో బొమ్మను కుడిఎడమలు తిప్పేస్తారు. ఆ దెబ్బతో అమ్మ పైట ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి వెళ్లిపోతుంది. "ఎవరు చూస్తారండీ" అంటారు. చీర కట్టే ప్రతి ఆడమనిషీ చూస్తుంది. నవ్వుకునేది చిత్రకారుణ్ణి చూసి.

1957 నాటి కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ చదువుకోండి. హక్కులు అమ్ముకున్నాక కూడా ఈ బొమ్మ నాదని చెప్పుకునే హక్కు, పరువు పోయేలా దాన్ని పాడుచేస్తే అడ్డుకునే హక్కు గీసినవాడికి ఉంటాయి. బొమ్మ కింద పేరు వేయడం మీరు చేసే దానం కాదు.

తప్పు మనలోనూ ఉంది. ఒకటిన్నర లైనుకు "సరే సార్" అన్న ప్రతి చిత్రకారుడూ పక్కవాడి మెడ మీద కత్తి పెడుతున్నాడు. మిత్రులారా, పూర్తి కథ, పుస్తకం సైజు, ఖాయమైన పేరు, రఫ్‌కి ముందస్తు డబ్బు చేతికి రానిదే ఒక్క గీత కూడా గీయకండి.