దఫ్తరము – తాళపుచెవి

మన పత్తికొండ ప్రాంతంలో మన్రో దొర పేరు వినని వారు అరుదు. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చి, పొలాలు కొలిపించి, రైతు పేరిట లెక్క వ్రాయించిన సర్ థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా ఉండగా 1827 జూలై 6న పత్తికొండలోనే కలరాతో కన్నుమూశారు. ఊరి లెక్కలు తరతరాలు కరణాల చేతిలో ఉండినవి. దఫ్తరము ఊరందరిది, విప్పే చేయి మాత్రము ఒక్కటే. 1984లో ఆ పదవులు రద్దయినవి.

నేడు దఫ్తరము కంప్యూటరులోనికి వచ్చినది. కాని "ఎవరు విప్పవచ్చును?" అన్న ప్రశ్న పోలేదు. మార్కుల పట్టికను డేటాబేసులోనికి ఎక్కించబోయిన విద్యార్థికి "పర్మిషన్ డినైడ్" అన్న జవాబు ఎదురవుతుంది. ఫైలు నాది, నేను చదువగలను, ఇదేమి వింత అని అతడు విసుగుచెందుతాడు. అంతలో పక్కవాడు 'ఛ్‌మాడ్ 777' అనే మంత్రము చెవిలో ఊదుతాడు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1; మొత్తము 7. యజమానికి, బృందానికి, తక్కిన లోకానికంతటికీ ఏడేసి! ఇంటి తలుపులన్నీ తీసిపెట్టి వీధిలో దండోరా వేయించడము వంటిదే ఇది.

ఈ అలవాటు మానవలెనని మా అభిప్రాయము. ముందుగా గ్రహించవలసినది, ఇక్కడ ఫైలు తెరిచేది విద్యార్థి కాదు. డేటాబేసు సర్వరు తన సొంత ఖాతాతో వచ్చి తెరుస్తుంది. ఫైలుకు అనుమతి ఉన్నా, దానికి పైనున్న ప్రతి ఫోల్డరులోనూ ప్రవేశము ఉండవలెను. ఉబుంటులో 2021 నుండి కొత్త ఖాతాల హోమ్ ఫోల్డరు ఇతరులకు మూసియే ఉంటుంది. గడప దాటలేని వానికి లోపలి పెట్టె తెరిచి ఉండి ఏమి లాభము? మైఎస్‌క్యూఎల్‌లో 'సెక్యూర్ ఫైల్ ప్రివ్' అనే నియమము ఒక ఫోల్డరును నిర్ణయించి ఉంటే, దాని వెలుపలి ఫైలును సర్వరు ముట్టనే ముట్టదు. అక్కడ 777 కూడా పారదు.

సరియైన మార్గాలు రెండు. ఒకటి, విద్యార్థి తన అనుమతితోనే ఫైలును చదివించి సర్వరుకు పంపడము. పోస్ట్‌గ్రెస్‌లో బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే 'కాపీ' ఆజ్ఞ, మైఎస్‌క్యూఎల్‌లో 'లోడ్ డేటా లోకల్' ఇందుకే ఉన్నవి. రెండవదానిని మైఎస్‌క్యూఎల్ 8.0 మొదటినుండి ఆపియే ఉంచుతుంది గనుక సర్వరు వైపునా, విద్యార్థి వైపునా అనుమతింపవలెను. రెండవ మార్గము, నిర్ణీత ఫోల్డరులో ఫైలు ఉంచి, సర్వరుకు చదువుటకు మాత్రమే అనుమతి ఇచ్చి, పని ముగియగానే తొలగించడము.

ప్రయోగశాలలో ఇంత పట్టింపు దేనికని కొందరు అనవచ్చు. ఆ ఫైలులో ఉన్నది తోటివారి మార్కులు, తల్లిదండ్రుల ఆదాయము, ఆధార్ సంఖ్య. తలుపులన్నీ తెరిచిన కంప్యూటరులో వాటిని ఎవరైనా చదువవచ్చును, దిద్దనూ వచ్చును. నేటి చేతి అలవాటే రేపు ఉద్యోగములో వెంట వస్తుంది. ఉర్దూలో 'అమానత్' అని చక్కని మాట ఉన్నది. పరుల సొత్తును నమ్మకముగా దాచి, అడిగిననాడు చెక్కుచెదరకుండా అప్పగించడము దాని భావము.

ప్రతి విద్యార్థికి వేరు ఖాతా, డేటా ఎక్కించుటకు ఒక ప్రత్యేక ఫోల్డరు, ఈ విషయముపై ఒక్క పూట పాఠము — ఇవి ఏర్పరచవలెనని పాలకవర్గమును కోరుతున్నాము. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. తాళము పగులగొట్టడము విద్య కాదు. ఏ తాళపుచెవి ఎవరి చేతిలో ఉండవలెనో తెలియడమే విద్య.