నాకు నేర్పిస్తారా అని అడిగి చూడండి

ఇంట్లో మనిషి పోయినప్పుడు చెప్పే మాటలు మనందరికీ కంఠతా వచ్చు. "ధైర్యంగా ఉండు", "పిల్లల్ని చూసుకుని బతకాలి", "కాలమే అన్నీ మరిపిస్తుంది." పదమూడో రోజు వరకూ ఇంటి నిండా చుట్టాలే. ఆ తర్వాత ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. వంటయిపోయి, గిన్నెలు తోమేసి, మధ్యాహ్నం మూడింటికి ఏం చెయ్యాలో తోచక కూర్చునే వేళ ఉంటుంది చూడండి, ఈ మాటలేవీ ఆ వేళకి అక్కరకు రావు.

కొన్నాళ్ళు పోయాక ఇంకో సలహా చెబుతాం. "మనసు మళ్ళించుకో. ఏదైనా కుట్టుకో, పాటలు పాడుకో, డైరీ రాసుకో" అని. మంచి సలహానే, కొందరికి పనికొస్తుంది కూడా. కానీ నేను చూసినంతలో, దుఃఖంలో ఉన్న మనిషి తన కోసం తాను ఏదీ మొదలుపెట్టలేదు. "ఇప్పుడు ఇదంతా ఎవరి కోసం?" అనే దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. అదే పక్కింటి పిల్ల వచ్చి "అత్తా, ఈ కుట్టు ఎలా వెయ్యాలి?" అని అడిగితే, ఎవరి కోసమో ఎదురుగానే కనిపిస్తుంది. అందుకే, ఏదైనా చేసుకో అని చెప్పడం కంటే, మనం చేసేదానికి కాస్త సాయం పట్టమని అడగడమే మేలని నా అభిప్రాయం.

మా అపార్ట్‌మెంట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. నర్సాపురం వైపు మనిషి కాబట్టి లేసు అల్లిక చిన్నప్పటి నుంచీ వచ్చు. భర్త పోయాక సూది, దారం డబ్బాలో పెట్టేశారు. ఏడాది తర్వాత కింద ఫ్లాట్ అమ్మాయి, అక్కకి పుట్టబోయే బిడ్డకి టోపీ అల్లాలనుంది, నేర్పమని వెళ్ళింది. మొదటి రోజు పది నిమిషాలే. "దారం అంత బిగించకు, వేలు వదులుగా పెట్టు" అన్నారట. ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో నలుగురం వెళుతున్నాం. ఆవిడ దుఃఖం పోయిందా అంటే, లేదు. కానీ చేతులు అల్లుతుండగా, కళ్ళు దారం మీదే ఉంచి, "ఆయనుంటే ఈ రంగు వద్దనేవారు" అంటారు. ఎదురుగా కూర్చుని "ఎలా ఉన్నారు?" అని అడిగితే ఆ మాట వచ్చేది కాదు. పక్కపక్కన కూర్చుని పని చేసుకుంటుంటే దానంతటదే వచ్చింది.

అక్కడ జరిగేది ఏమిటా అని ఆలోచిస్తే నాకు కొన్ని సంగతులు కనిపించాయి. నాలుగింటికి ఎవరో వస్తారని తెలిస్తే ఆ రోజుకి ఒక ఆకారం వస్తుంది. ఇంకొకరి అల్లికలో తప్పిన కుట్టు వెతుకుతున్నంతసేపూ మనసు తన చుట్టూ తాను తిరగదు. అన్నిటికంటే ముఖ్యం, అంతవరకూ అందరి జాలీ పుచ్చుకుంటున్న మనిషి మళ్ళీ ఇచ్చే మనిషి అవుతుంది.

ఇది కొత్త సంగతేం కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో బడి మొదలుపెట్టారు. 1902లో భార్య, 1903లో కూతురు రేణుక, 1907లో చిన్న కొడుకు శమీంద్రనాథ్ పోయారు. ఆ మరుసటి ఏడాదే బడి పిల్లలు ఆడటానికి ‘శారదోత్సవం’ నాటకం రాసిచ్చారు. మన భండారు అచ్చమాంబ గారు (1874–1905) కన్న బిడ్డల్ని చిన్నతనంలోనే పోగొట్టుకున్నారు. ‘ధనత్రయోదశి’ కథ, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన ఆవిడ, తన రాతతోనే ఊరుకోలేదు. ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళని చదవమని, సమాజాలు పెట్టుకోమని ప్రోత్సహించారు. దుఃఖం వల్లే ఇదంతా చేశారని నేను అనను. ఆ దుఃఖంతో ఉంటూనే పదిమందిని కలుపుకున్నారని మాత్రం అంటాను.

మరి మన ఇళ్ళల్లో ఏం చేస్తున్నాం? పెళ్ళిపాటలన్నీ నోటికొచ్చిన మనిషిని, భర్త పోగానే పందిట్లో వెనక వరసలో కూర్చోబెడతాం. మెలికల ముగ్గు కళ్ళు మూసుకుని వేసే చేతిని పేరంటానికి పిలవం. బొమ్మల కొలువు ఏ మెట్టు మీద ఏది పెట్టాలో చెప్పగల ఆవిడ ఇంట్లో ఉంటే, తలుపు చాటు నుంచి చూడనిస్తాం. మనిషిని పోగొట్టుకున్నది చాలక, చేతిలో ఉన్న విద్యని కూడా మనమే లాగేసుకుంటున్నాం. దీనికి ఎవరో వచ్చి చట్టం చెయ్యక్కర్లేదు. బొట్టు పెట్టి పిలిచేది మనమే కదా!

"పిలిస్తే ఆవిడే బాధపడుతుందేమో" అంటారు కొందరు. అడగండి. వద్దనే హక్కు ఆవిడకి ఉంది. వద్దంటే నెల ఆగి మళ్ళీ అడగండి. ఆవిడ బదులు మనమే నిర్ణయించెయ్యడం ఎందుకు?

అలాగని "ఖాళీగానే ఉన్నారుగా" అని పది జాకెట్లు తెచ్చి పడెయ్యకండి. అది సాయం అడగడం అవదు, చాకిరీ అవుతుంది. కుట్టించుకుంటే డబ్బులివ్వండి. పోయిన నెలలోనే తొందరపెట్టకండి. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. వారాల తరబడి తిండీ నిద్రా లేకపోయినా, బతకాలని లేదన్నా, అల్లికలూ పాటలూ చాలవు, డాక్టరుకి చూపించాలి. టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

అడిగేటప్పుడు కూడా "ఎప్పుడైనా మా ఇంటికి రండి" అంటే ఎవరూ రారు. రోజూ వేళా చెప్పి, చిన్న పని అడగండి. "పిన్నిగారూ, గురువారం నాలుగింటికి పుస్తకం పట్టుకుని వస్తాను. మీ మంగళహారతి పాట రాసుకుంటాను, బాణీ చెప్పండి" అనండి. ధనుర్మాసం వస్తే చుక్కల లెక్క అడగండి. మీ పాపని కూడా వెంట తీసుకెళ్ళండి. పిల్లలు పెద్దవాళ్ళలా మొహమాటపడరు, ఒకే ముగ్గు పదిసార్లు చెప్పించుకుంటారు.