కొసలు లేని ఏంటెన్నా

మన చదువుల్లో కొలతలు కంఠస్థం చెయ్యడం ఒక అలవాటైపోయింది. ఏంటెన్నా పొడవెంత? తరంగదైర్ఘ్యంలో సగం. మార్కులు పడ్డాయి, పాఠం అయిపోయింది! సగమే ఎందుకని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. ఏ పరికరమైనా ఏ ఇబ్బందిలోంచి పుట్టిందో తెలిస్తేనే బోధపడుతుందని నా అభిప్రాయం. హామ్ రేడియోవాళ్ళు వాడే 'క్యూబికల్ క్వాడ్' ఏంటెన్నానే తీసుకోండి.

చూడ్డానికి అదొక వింత. వెదురు బద్దల మీద చతురస్రంగా బిగించిన తీగ, అంతే. అది పుట్టింది ఈక్వడార్ రాజధాని క్వీటోలో. సముద్రమట్టానికి సుమారు 2,850 మీటర్ల ఎత్తున్న ఊరు. అక్కడ గాలి పల్చన కనక తక్కువ వోల్టేజికే విద్యుత్తుకి దారి ఇచ్చేస్తుంది. అర తరంగం పొడవున్న కడ్డీలో కరెంటు మధ్యన ఎక్కువ, వోల్టేజి కొసల్లో ఎక్కువ. అందుకే 1940ల తొలినాళ్ళలో అక్కడి హెచ్.సి.జె.బి. రేడియో కేంద్రంలో ఏంటెన్నా కొసల నుంచి మెరుపులు లేచి లోహాన్నే కరిగించేవి.

ఇంజనీరు క్లారెన్స్ మూర్ అసలు కొసలే లేకుండా చేశాడు. పూర్తి తరంగం పొడవున్న తీగని చతురస్రంగా వంచి, అడుగు భుజం మధ్యలో విద్యుత్తు అందించాడు. అప్పుడు అడుగునా పైనా కరెంటు ఒకే దిక్కుకి నడిచి ఒకదానికొకటి తోడవుతుంది. నిలువు భుజాల్లో పై సగానిదీ కింది సగానిదీ ఎదురెదురై చెల్లిపోతుంది. హెచ్చు వోల్టేజి ఆ భుజాల నడుమకి చేరుతుంది. కాని మెరుపు లేవడానికి అక్కడ మొన ఏదీ? వెనక మరో చట్రం నిలబెడితే తరంగాలు ముందుకే మళ్ళుతాయి.

ఇదంతా సిలబస్‌లో లేదంటారు కొందరు. వోల్టేజీ, కరెంటూ సిలబస్‌లో లేవా? అవి తీగలో ఎక్కడెక్కడ నిలుస్తాయో కళ్ళారా చూసే అవకాశం లేకపోవడమే మన లోటు. 28 మెగాహెర్ట్జ్‌కి ఒక్కో భుజం సుమారు 2.7 మీటర్లు చాలు. వార్షికోత్సవానికి పందిరి వేసిన వెదురుతోనే ఒకటి కట్టుకోవచ్చు. ప్రసారం చెయ్యాలంటే లైసెన్సు తప్పదు. ఆ పరీక్షకి చదవడం కూడా చదువే కదా!

వచ్చే ఏడాది యూనియన్ నిధుల్లో కొంత ఇందుకు కేటాయించమని నా మనవి. పందిరి మర్నాటికి ఊడిపోతుంది. చేత్తో కట్టి తెలుసుకున్నది మాత్రం మనతోనే ఉంటుంది.