దానియేలు ఒక్కడే తినలేదు

రాజు భోజనం తనకు వద్దని బబులోనులో దానియేలు తీర్మానించుకున్న సంగతి సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. పది రోజులు శాకధాన్యాలూ మంచినీళ్లూ ఇచ్చి చూడమని ఆయన అధికారిని వేడుకున్నాడు. ఆ అధ్యాయం మీద ఎన్నో ప్రసంగాలు విన్న మనం అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది. దానియేలు ఆ నియమాన్ని ఒంటరిగా పాటించలేదు. హనన్యా, మిషాయేలు, అజర్యా కూడా అదే తిన్నారు. ఆయన చేసింది బీపీ కోసం కాదు, దేవుని ఎదుట అపవిత్రం కాకూడదని. అయినా ఆ నలుగురి పంక్తి మనకూ అవసరమే.

గోదావరిఖనిలో ఒక విశ్వాసి ఇంటికి ప్రార్థనకు వెళ్లాము. ఆ సోదరుడు బొగ్గు బాయిలో పని చేస్తాడు. బీపీ ఉందని తేలాక ఆయన భార్య ఆయన ఒక్కడికే చిన్న గిన్నెలో ఉప్పు తక్కువ కూర వండుతోంది. పిల్లలకు మామూలు కూర, మామిడికాయ తొక్కు, అప్పడాలు. ఆయన తన కూర సగం తిని తొక్కు గిన్నె దగ్గరకు లాక్కున్నాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నిగ్రహం గురించి ఆయనకు నాలుగు మాటలు చెప్పి వచ్చాము. అలా చెప్పినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాము. ఇల్లంతా ఒకటి తింటుంటే ఒక్కడిని వేరే తినమనడం పథ్యం కాదు, శిక్ష.

ఆ రోజు ఆయన ఒక మాటన్నాడు. "చెమటల ఉప్పంతా పోతది అయ్యగారూ, తినకుంటే ఎట్ల?" బాయి పనివారిలో చాలామంది నమ్మకం ఇదే. వేడిలో శ్రమించేవారికి చెమటతో ఉప్పు పోయేమాట నిజమే. కానీ వేళకు భోజనం చేసేవారికి ఆ లోటు సాధారణంగా భోజనంతోనే తీరుతుంది. వారికి ముఖ్యంగా కావలసింది నీళ్లు. బీపీ ఉన్నవారు డాక్టరు చెప్పకుండా మజ్జిగలో ఉప్పు దట్టించుకుని తాగడం మంచిది కాదు. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే టీ స్పూనుకు మించకుండా ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తొక్కు, అప్పడం, ఎండు చేపలు, షిఫ్టు దిగి తినే మిర్చి బజ్జీ కలిస్తే ఆ స్పూను ఎప్పుడు దాటిపోయిందో తెలియదు. బజ్జీలో సోడా కూడా ఆ లెక్కలోదే.

అమెరికాలో 1997లో వెలువడిన ఒక అధ్యయనంలో కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాల పదార్థాలు ఎక్కువగా తిన్న బీపీ రోగులకు పై అంకె సగటున 11 పాయింట్లు తగ్గింది. ఉప్పు కూడా తగ్గిస్తే మేలు మరింత ఉంటుందని 2001లో తేలింది. ఆ భోజనాలన్నీ పరిశోధకులే సిద్ధం చేసి ఇచ్చారు! మన జొన్నరొట్టె, తోటకూర పప్పు, జామపండు అలాంటి భోజనానికి దూరమేమీ కాదు. వండేవారి చేతిలోనే సగం వైద్యముంది.

మరి మన ప్రేమవిందుల మాటేమిటి? దేహం దేవుని ఆలయమని ప్రసంగించి, ఆరాధన కాగానే మసాలా మాంసం, తొక్కు, అప్పడాలు వడ్డిస్తాము. సంఘంలో బీపీ మాత్రలు వేసుకునేవారు ఎందరో మనకు తెలియదా? ఒక కూర ఉప్పు తక్కువగా వండి, తొక్కును అడిగినవారికే వడ్డిస్తే ఎవరి భక్తీ తగ్గదు.

ఇంకో మాట కఠినంగానే చెప్పాలి. ప్రార్థన చేయించుకున్నాం కదా, పథ్యం చేస్తున్నాం కదా అని మాత్రలు మానేసేవారున్నారు. అది విశ్వాసం కాదు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థన ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, ఏం పుచ్చుకోవాలో కూడా రాశాడు. మాత్ర తగ్గించాలన్నా, మానాలన్నా బీపీ కొలిచి చూసిన డాక్టరే చెప్పాలి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బున్నవారికి, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారికి అది ప్రమాదం. దాన్ని కూడా అడగకుండా కొనవద్దు.

ఆ సోదరుడి ఇంటికి మళ్లీ వెళ్లాము. ఇప్పుడు అందరికీ ఒకటే గిన్నె. మొదట్లో పిల్లలు చప్పగా ఉందని అలిగారట. తొక్కు సీసా అటక ఎక్కింది. సోదరుడు మాత్ర వేసుకుంటూనే ఉన్నాడు. ఆమె మాకూ అదే కూర వడ్డించింది, ఉప్పు అడగకుండా తిన్నాము.